మూత ఎత్తి చూడండి

మరుగుదొడ్లు ఎన్ని కట్టారో ఇక చెప్పకండి. ఆ దొడ్లలోంచి మలం ఎక్కడికి పోతోందో చెప్పండి. నెల్లూరు మెట్టలోని వింజమూరులో, ఉదయగిరిలో, కలిగిరిలో, ఆత్మకూరులో మీకు తోచిన వీధిలో నిలబడి ఈ ఒక్క ప్రశ్న అడగండి. ఇంటాయన మూతవైపు చెయ్యి చూపిస్తాడు. మూత కింద ఏముందో ఆయనకు తెలీదు. తెలిసిన మేస్త్రి కూలి డబ్బులు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. బిల్లు పాస్ చేసిన ఆఫీసుకు తెలుసుకోవాల్సిన పనే పడలేదు, ఫొటో సరిపోయింది. తలుపు బిగించిన గది, దాని పక్కన బిగుసుకుని నిలబడ్డ లబ్ధిదారు. ఆ బొమ్మ సెల్‌ఫోన్లోంచి పైకి వెళ్లింది, పన్నెండు వేలు కిందికి వచ్చాయి. 2019 అక్టోబరు 2న పల్లె భారతమంతా బహిరంగ మలవిసర్జన నుంచి బయటపడిందని ప్రకటించారు. మన రాష్ట్రంలోని మున్సిపాలిటీల గురించి అయితే అంతకు మూడేళ్ల ముందే, 2016 అక్టోబరు 2నే ప్రకటించేశారు.

ఆ ప్రకటనల పక్కన ఇంకో లెక్క పెట్టి చదవండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015-16లో జరిగింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మెరుగైన మరుగుదొడ్డి వాడే ఇళ్లు సగానికి కొంచెం పైన. అయిదో విడత 2019-21లో జరిగింది. అప్పటికి నాలుగిళ్లలో మూడు దాటాయి. అదే రెండు సర్వేల్లో, అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు 31.4 శాతం నుంచి 31.2 శాతానికి వచ్చారు. అంటే ఉన్నచోటే ఉన్నారు. పిల్లల ఎదుగుదల మరుగుదొడ్డి ఒక్కదానితో తేలేది కాదని నాకు తెలుసు. తల్లి రక్తహీనత ఉంది, పాలు పప్పులు గుడ్లు అందని కంచం ఉంది, చిన్నవయసు పెళ్లి ఉంది. అయినా లక్షల దొడ్లు లేచిన ఆ అయిదేళ్లలో పిల్లల ఎత్తులో కదలిక లేదంటే, కట్టినవి ఏం చేస్తున్నాయని అడగక తప్పదు. ఆ ప్రశ్న అడగాల్సిన శాస్త్రం, పరిశోధన, ప్రభుత్వం మూడూ దొడ్డి తలుపు దాకా వచ్చి ఆగిపోయాయి. నా కోపం దాని మీదే.

మూత కింద ఏముండాలో చెబుతాను. దొడ్డి వాడుతున్నవాళ్లలో చాలామందికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. మరుగుదొడ్లకు డబ్బిచ్చిన పథకం చెప్పిన నమూనా ప్రకారం రెండు గుంతలుండాలి. మధ్యలో చిన్న తొట్టి కట్టి, మలం ఒకసారికి ఒక గుంతలోకే పోయేలా మళ్లించాలి. ఒకటి నిండితే దాన్ని మూసి రెండోదానిలోకి మార్చాలి. మూసిన గుంతను ఏడాదికి తక్కువ కాకుండా, వీలైతే రెండేళ్లు కదిలించకూడదు. అప్పుడు అందులోది వాసన లేని మట్టి అవుతుంది, చెట్టుకు వేసుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకు అయితే లోపల అడ్డగోడతో రెండు అరలు ఉండాలి. బయటికి వచ్చే నీళ్లు ఇంకుడుగుంతలోకి పోవాలి. రెండు మూడేళ్లకోసారి అడుగున పేరుకున్న మడ్డి తీయించాలి. ఇది నా సొంత తెలివి కాదు. భారత ప్రమాణాల సంస్థ రాసిపెట్టిన నిబంధనలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి.

ఇప్పుడు మన ఊళ్లలో ఉన్నది చూడండి. నాలుగు సిమెంటు వరలు దించిన ఒకే గుంత ఒక రకం. ఇల్లంత ట్యాంకు కట్టి, పైభాగంలో గొట్టం పెట్టి సైడు కాలవలోకి వదిలేసింది ఇంకో రకం. గుంతా ట్యాంకూ ఏదీ లేకుండా దొడ్డిలోంచి నేరుగా కాలవలోకే పోయేది మూడో రకం. సర్వే పిల్ల ట్యాబ్ పట్టుకుని వచ్చి 'మీది ఏ రకం మరుగుదొడ్డి' అని అడిగితే మూడిళ్లవాళ్లూ సెప్టిక్ ట్యాంకే అంటారు. అబద్ధమాడాలని కాదు, వాళ్లకు తెలిసిన పేరు అదొక్కటే. ఆ పిల్ల టిక్కు పెట్టుకుని పక్కింటికి పోతుంది. ఆ టిక్కుల్ని కూడితేనే రాష్ట్రం లెక్కా దేశం లెక్కా తయారవుతాయి. ట్యాంకులోంచి కాలవలోకి వచ్చే నీళ్లు చూడ్డానికి పలచగా ఉంటాయి గానీ, వాటిలో విరేచనాలు పట్టించే క్రిములు చాలానే బతికి ఉంటాయి. ఆ కాలవ పక్కనే పిల్లలు గోళీలాడతారు. ఆ కాలవ మీద వేసిన బండ మీదే సాయంత్రం బజ్జీల బండి పెడతారు.

మన మెట్టకు ఇంకో సంగతి ఉంది. ఇక్కడ నేల కింద మెత్తని ఒండ్రు లేదు, రాయి ఉంది. నెల్లూరు శిస్టు పట్టీ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే ప్రాచీన శిలల మీద మన ఊళ్లు కూర్చున్నాయి. ఆ పట్టీలో ఒక శిలా సముదాయానికి వాళ్లు పెట్టిన పేరు వింజమూరు, ఇంకోదానికి ఉదయగిరి. మన ఊరి పేరుతో రాళ్ల వయసు మీద, పుట్టుక మీద, వాటిలోని ఖనిజాల మీద పరిశోధన పత్రాలు వచ్చాయి. సంతోషమే. ఆ రాతి పగుళ్లలోంచే మన బోర్లకు నీళ్లొస్తాయి. గుంతలోంచి ఊరే మురుగు కూడా ఆ పగుళ్లలోంచే దిగుతుంది. మట్టినేలలో అయితే మట్టి రేణువులు క్రిముల్ని పట్టి ఆపుతాయి, అందుకే గుంతకూ బావికీ మధ్య పది మీటర్లు చాలంటారు. పగిలిన రాతిలో ఆపే మట్టి లేదు. అక్కడ ఆ పది మీటర్ల మాటకు అర్థం లేదు. ఇది భూగర్భజల శాస్త్రం చదివిన ఎవరికైనా తెలిసిన పాఠం. మరి మెట్టలో గుంత ఎంత లోతు తవ్వాలి, అడుగు మూయాలా వద్దా, బోరుకు ఎంత దూరం ఉండాలి? మన రాతికి సరిపోయే జవాబును మన మేస్త్రికి తెలుగులో చెప్పిన కాగితం ఒక్కటి నాకు చూపించండి. రాళ్లకు మన పేరు పెట్టిన శాస్త్రానికి, ఆ రాళ్ల మీద బతికేవాళ్ల నీళ్లు పరీక్షించే బాధ్యత లేదా?

పడమటి మండలాల్లో ఫ్లోరైడ్ భయంతో జనం ఎప్పుడో క్యాన్ నీళ్లకు అలవాటుపడ్డారు. దాంతో బోరు నీళ్ల గురించి అడిగే గొంతు కూడా తగ్గిపోయింది. 'తాగేది క్యాను నీళ్లే కదా' అంటారు. తాగేది క్యానే. గిన్నెలు కడిగేది, పళ్లు తోమేది, పసిబిడ్డకు స్నానం పోసేది, కూరగాయలు కడిగేది బోరు నీళ్లతోనే. క్యాను కొనలేని ఇల్లు బోరు నీళ్లే తాగుతుంది. మలం ఊరిన నీళ్లలో నైట్రేటు పెరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మీ వీధి బోరులో ఎంత ఉందో మీకు ఎవరైనా చెప్పారా?

పరిశోధన అసలు జరగలేదని నేను అనను. జరిగింది, మంచిది కూడా జరిగింది. మనకు నాలుగైదు గంటల ప్రయాణంలో ఉన్న వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు పేదవాడల్లో పుట్టిన పిల్లల్ని రెండేళ్లపాటు వెంటాడి చూశారు. ఎప్పుడు విరేచనాలైనా రాసుకున్నారు, మలం పరీక్షించారు, ఇల్లూ కాలవా కూడా చూశారు. తేలిందేమిటి? ఇంట్లో మరుగుదొడ్డి ఉన్న పిల్లలకు కొన్ని రకాల క్రిములు తక్కువ సోకాయి. వైరస్‌లు మాత్రం తగ్గలేదు, విరేచనాలూ తగ్గలేదు. ఎందుకంటే ఆ వాడల్లో దొడ్లలో ఎక్కువ భాగం మలాన్ని నేరుగా వీధి కాలవలోకే వదులుతున్నాయి. మన ఇంటి దొడ్డి మన ఇంటిని కాస్త కాపాడి, మలాన్ని పక్కింటి గుమ్మం ముందు పారబోస్తోంది. పక్కింటిది మన గుమ్మం ముందుకు వస్తోంది.

ఒడిశాలో పూరీ జిల్లాలో వంద పల్లెలు తీసుకుని చేసిన ప్రయోగం ఫలితాలు 2014లో వచ్చాయి. మరుగుదొడ్ల పథకం అమలైన పల్లెల్లో అవి ఉన్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. పిల్లల విరేచనాలు తగ్గలేదు, నులిపురుగులు తగ్గలేదు, బరువు పెరగలేదు. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో పెద్ద ప్రయోగాలు చేసినా పిల్లల ఎత్తు దగ్గర అదే నిరాశ ఎదురైంది. ఇవి చూసి కొందరు పెద్దలు మరుగుదొడ్లతో ఆరోగ్యానికి పెద్ద లాభం లేదని మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. సగం పని చేసి, ఆ సగం పనిని కొలిచి, పని దండగని తీర్పు చెబుతారా? గుంత సరిగ్గా లేదు, సగంమంది వాడటం లేదు, మడ్డి తీసే దిక్కు లేదు, పశువుల పేడా పిల్లల మలమూ ఇంటి ముందే ఉన్నాయి. అలాంటప్పుడు నాలుగు గోడలు కట్టినంత మాత్రాన క్రిములు సెలవు తీసుకుంటాయా?

పని పూర్తిగా చేస్తే ఏమవుతుందో కూడా రుజువుంది. బ్రెజిల్‌లో సాల్వడోర్ అనే పెద్ద నగరం. అక్కడ నగరమంతటా మురుగు గొట్టాలు వేసి, ఎక్కువ ఇళ్లను వాటికి కలిపారు. ముందూ తర్వాతా పిల్లల విరేచనాలు లెక్కించారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం నగరం మొత్తంగా అయిదో వంతు తగ్గాయి. అంతకుముందు బాగా బాధపడిన పేదవాడల్లో 43 శాతం తగ్గాయి. అందరికంటే ఎక్కువ లాభం పేదవాడకే దక్కింది. ఇల్లిల్లూ విడివిడిగా కాకుండా ఊరినంతటినీ ఒక్కటిగా చూసినందుకు వచ్చిన ఫలితం అది. మెట్టలోని చిన్న పట్నానికి అన్ని కోట్ల గొట్టాలు అక్కర్లేదు. ఊరంతటికీ కలిపి లెక్క వేసుకునే పద్ధతి మాత్రం అక్కర్లేదనడానికి వీల్లేదు.

ఆ పని తెలుగునేల మీద మొదలైంది కూడా. వరంగల్ నగరం సెప్టిక్ ట్యాంకుల మడ్డికి నిబంధనలు తెచ్చింది. ట్యాంకు ఎవరు ఖాళీ చెయ్యాలి, బండి ఎక్కడ పారబొయ్యాలి అని రాసిపెట్టింది. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వెనక ఉండి చేయించింది. తర్వాత అక్కడా, మన పశ్చిమ గోదావరి నరసాపురంలోనూ మడ్డి శుద్ధి కేంద్రాలు కట్టారు. నరసాపురం మహానగరం కాదు. అక్కడ చెయ్యగలిగింది ఆత్మకూరులో చెయ్యలేకపోవడానికి నేలా నీరూ కారణాలు కాదు.

బిల్ గేట్స్ 2018 నవంబరులో బీజింగ్‌లో వేదికెక్కి, ఒక గాజు సీసాలో మనిషి మలం పెట్టుకుని ప్రపంచానికి చూపించాడు. కొత్తరకం మరుగుదొడ్ల కోసం తన సంస్థ ఇరవై కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిందని చెప్పాడు. మలం గురించి మాట్లాడటానికి సిగ్గుపడే లోకంలో ఆయన మాట్లాడటం మంచిదే. మన ఊళ్లలో కావాల్సింది మాత్రం నీళ్లూ గొట్టాలూ లేకుండా నడిచే అద్భుత యంత్రం కాదు. ట్యాంకుకు అడ్డగోడ ఉందా, అడుగు కారుతోందా, నిండిన మడ్డి ఎక్కడ పడుతోంది అని చూసే మనిషి కావాలి. ఆ మనిషికి జీతమిచ్చే పద్దు మన బడ్జెట్లో ఏ పుటలో ఉందో నాకు కనిపించలేదు.

పల్లెల మీద పరిశోధన ఉంది, మహానగరాల మురికివాడల మీద ఉంది. మధ్యలో ఉన్న మండల కేంద్రాలు ఎవరికీ పట్టవు. పల్లె అనుకుని లెక్కేస్తే దొడ్డీ గుంతా సరిపోవాలి. కానీ వింజమూరు లాంటి చోట ఇళ్లు గోడకు గోడ అంటుకుని ఉన్నాయి, రెండో గుంతకు జాగా లేదు. బస్టాండు ఉంది, హోటళ్లున్నాయి, కాలేజీలున్నాయి, అద్దె గదులున్నాయి. పట్నం అనుకుందామంటే భూమి కింద మురుగు గొట్టం లేదు. బతుకు పట్నానిది, వసతి పల్లెది. ఇక్కడి అద్దె ఇళ్ల వరసలో నాలుగైదు సంసారాలకు ఒకటే దొడ్డి. అంతర్జాతీయ లెక్కల్లో ఒకటికి మించి సంసారాలు పంచుకునే దొడ్డిని పూర్తి సౌకర్యంగా ఒప్పుకోరు. పథకం లెక్కలో స్థలం పట్టా ఉన్నవాడికే దొడ్డి. అద్దెకున్నవాడు రెండు లెక్కల్లోనూ లేడు. ఆ వరసలో ఉండే ఆడపిల్ల తెల్లారకముందే లేచి వంతు కోసం నిలబడుతుంది. లేవలేని రోజు నీళ్లు తక్కువ తాగుతుంది. నెలసరి రోజుల్లో బడి మానేస్తుంది. 'ఇంట్లో మరుగుదొడ్డి ఉందా' అనే ప్రశ్నకు ఆ పిల్ల 'ఉంది' అనే చెప్పాలి. ఇంతకంటే మోసపు ప్రశ్న ఇంకోటుందా?

ఇక నిండిన ట్యాంకు సంగతి. ఫోన్ చేస్తే బండి వస్తుంది, మోటారు పెట్టి లాగుతుంది, డబ్బు తీసుకుని పోతుంది. ఎక్కడికి పోతుంది? చీకటి పడ్డాక ఊరి బయట వాగుకో, చెరువు అలుగు దిగువకో, రోడ్డు పక్క గుంతకో, పైరు లేని చేనుకో. బండివాణ్ణి తిట్టి లాభం లేదు. పారబోసుకోవడానికి ఊరు అతనికి జాగా చూపించలేదు. నులిపురుగుల గుడ్లు తడి మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతుకుతాయి. ఫిబ్రవరి 10న బడిలో పిల్లలందరికీ ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తాం. మార్చిలో అదే పిల్లలు మడ్డి పోసిన మట్టిలో చెప్పుల్లేకుండా ఆడతారు. పుండొకచోట మందొకచోట అంటే ఇదే.

బండి దూరని సందులో ట్యాంకు నిండితే ఏమవుతుంది? మనిషిని దింపుతారు. నెల్లూరు జిల్లాలో ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు. వాడవాడలా తరతరాలుగా పాకీ పని నెత్తిన రుద్దించుకున్న దళితుడు, యానాది. మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. దిగి చనిపోయినవాడి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. కోలారు బంగారు గనుల్లో పారిశుద్ధ్య పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా దీని కోసమే పోరాడాడు. 2016లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది. అయినా ట్యాంకుల్లో చావులు ఆగలేదు.

పెద్ద పెద్ద ట్యాంకులు జనం ఎందుకు కడతారో తెలుసా? ఉత్తర భారతంలో ఇంటింటికీ తిరిగి చేసిన పరిశోధన ఒకటి దీన్ని బయటపెట్టింది. చిన్న గుంత త్వరగా నిండుతుంది, నిండితే ఖాళీ చెయ్యాలి, ఆ పని ఫలానా కులం వాళ్లు చెయ్యాలి, వాళ్లిప్పుడు రావడం లేదు, మనం చేస్తే పరువు పోతుంది. అందుకని ఏళ్లపాటు నిండని ట్యాంకు కట్టగలిగినవాడు కడతాడు, కట్టలేనివాడు పొలానికే పోతాడు. దొడ్డి కొలతను నిర్ణయిస్తున్నది కులం. మన దగ్గర కులం మాట ఎత్తకుండా పారిశుద్ధ్యం మీద వేసే ప్రతి నివేదికా చెత్తబుట్టకే తగినది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీటి పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో మూసి ఉంచిన గుంతలోకి స్వయంగా దిగి, ఎండి మట్టయిపోయిన ఎరువును చేత్తో ఎత్తి చూపించారు. ఇతర అధికారులూ దిగారు. ఆ పనికి నేను దండం పెడతాను. అయితే అది రెండు గుంతల దొడ్డి, లోపలున్నది మట్టి. మన సందుల్లో ఉన్నవి ఒంటి ట్యాంకులు, లోపలున్నది విషవాయువు. ఆ దిగడం పరువుకు సంబంధించిన గొప్ప పాఠం. దాని తర్వాత రావాల్సిన ఇంజనీరింగ్ పాఠం మన మండలాలకు రానేలేదు.

పరిశోధకులకు ఒక మాట. మీరు వస్తారు, చిన్న డబ్బాలు ఇస్తారు, పిల్లల మలం పట్టి ఇమ్మంటారు. తల్లి సంతకం పెట్టే కాగితంలో సగం మాటలు ఆమెకు అర్థం కావు. నీళ్ల సీసాలు నింపుకుని పోతారు. తర్వాత ఆ ఇంటికి కబురు ఉండదు. ఆ బిడ్డకు నులిపురుగులున్నాయో లేదో, ఆ బోరులో క్రిములున్నాయో లేదో ఆ తల్లికి చెప్పే బాధ్యత మీకు లేదా? మీ ఫలితం లండన్ పత్రికలో అచ్చవుతుంది, హైదరాబాదులో సెమినార్ జరుగుతుంది, పట్టాలు వస్తాయి, పదోన్నతులు వస్తాయి. మలం ఇచ్చిన వీధికి మాత్రం ఫలితం ఎప్పుడూ తిరిగి రాదు. తెచ్చిన నమూనా ఎవరిదో వాళ్లకు ఫలితం చెప్పకపోవడం దొంగతనం. ఇంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు.

జనం చేతుల్లో పెట్టిన పరిశోధన ఎలా ఉంటుందో కరాచీ చూపించింది. ఓరంగీ అనే పెద్ద పేదవాడలో అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో పని మొదలుపెట్టాడు. ఒక్కో సందులోని ఇరవై ముప్పై ఇళ్లవాళ్లను కూర్చోబెట్టాడు. కాలవ ఎటు వాలాలి, గొట్టం ఎంత లావుండాలి, ఖర్చెంత అన్నీ వాళ్లతోనే లెక్క వేయించాడు. సొంత డబ్బుతో వాళ్లే మురుగు గొట్టాలు వేసుకున్నారు. వాడ కుర్రాళ్లు కాలవల పటాలు గీశారు. తర్వాత ఆ పటాల పనిని నడిపించిన పర్వీన్ రహ్మాన్‌ను 2013 మార్చిలో కాల్చి చంపారు. ఊరి కాలవ పటం గీయడం కూడా కొందరికి ప్రమాదమే అనిపిస్తుందని ఆ చావు చెబుతోంది.

అంత దూరం పోనక్కర్లేదు. మనకు పక్కనే కలిగిరి మండలం దూబగుంట ఉంది. 1991లో అక్షరాస్యత పాఠాలు చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు 'సీతమ్మ కథ' పాఠంలో తమ బతుకు చూసుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు లేచారు, సారా దుకాణం మూయించారు, జిల్లా కలెక్టరేట్ దాకా వెళ్లారు, రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. తమ గురించిన సంగతి తమ భాషలో తమ చేతికి రావడమే వాళ్లకు కావాల్సింది. ఆ తర్వాత వాళ్లను ఎవరూ నడిపించక్కర్లేకపోయింది. మరుగుదొడ్డి గురించిన సంగతిని అలా ఎవరూ వాళ్ల చేతికి ఇవ్వలేదు.

అదే ఇప్పుడు చెయ్యాలి. పెద్ద ఖర్చు లేదు. దొడ్డిలో రంగు కలిపిన నీళ్లు పోసి, కాలవలో ఆ రంగు ఎక్కడ తేలుతుందో చూస్తే ఆ ఇంటి మలం దారి తెలిసిపోతుంది. చిన్న సీసాలో నీళ్లు పోసి ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడే పరీక్ష ఉంది. మన దేశంలోనే తయారైంది, చవక, ఇంటర్ చదివే పిల్ల చెయ్యగలదు. జలజీవన్ మిషన్ ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పించాలని చెప్పింది. వాళ్ల చేతికి ఆ సీసాలివ్వండి. ఏ ట్యాంకు ఎప్పుడు తీశారు, మడ్డి ఎక్కడ పోశారు అని బండివాళ్ల దగ్గర రాసుకోండి. వచ్చినదాన్ని వీధివీధిగా పటం గీసి, సచివాలయం గోడ మీద తెలుగులో అంటించండి. మండలానికో రెండు మూడు మండలాలకు కలిపో మడ్డి ఆరబెట్టే జాగా చూపించండి. బండి అక్కడ పోస్తేనే డబ్బు ముట్టాలి. సందుల్లోకి దూరే చిన్న బండ్లు తెప్పించండి, మనిషిని దింపితే కేసు పెట్టండి. అద్దె వరసల యజమాని సంసారాల లెక్కన దొడ్లు కట్టకపోతే అద్దె వసూలు చేసే హక్కు లేదనండి.

డబ్బు లేదంటారా? పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకు ఇచ్చే నిధుల్లో అరవై శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే ఖర్చు చెయ్యాలని కట్టేసింది. ఆ అరవై శాతం మీ ఊళ్లో దేనికి పోయిందో సమాచార హక్కు కింద అడగండి. బ్లీచింగ్ పౌడరు, ఫ్లెక్సీ, చీపుర్లు అని జవాబు వస్తే ఆ జవాబు కూడా గోడకు అంటించండి. ఇప్పుడు ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అని చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. వచ్చే మూడో శనివారం చీపురు పక్కన పెట్టి మూతలు ఎత్తండి.

'జనానికే శుభ్రత లేదు' అని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుంటూరులో 2018 మార్చిలో తాగునీటి గొట్టంలోకి మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయారు. 2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లోనూ అదే జరిగింది. 2024లో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలతో ప్రాణాలు పోయాయి. ఆ ఇళ్లవాళ్లు చేతులు కడుక్కోకపోవడం వల్ల చచ్చిపోలేదు. ఊరి నీళ్లను కాపాడాల్సినవాళ్లు కాపాడకపోవడం వల్ల చచ్చిపోయారు. సబ్బుతో చేతులు కడుక్కోమని గోడల మీద రాయించిన శాఖలు, కాలవ పక్కన తాగునీటి గొట్టం వేసిన ఇంజనీరును ఏమన్నాయి?

వింజమూరు వాళ్లను, ఉదయగిరి వాళ్లను, ఆత్మకూరు వాళ్లను అడుగుతున్నాను. వచ్చే గ్రామసభకు, వార్డు సభకు వెళ్లండి. ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోండి. సర్పంచినీ కౌన్సిలరునూ ఒక్కటే అడగండి: మన వీధి మలం ఎక్కడికి పోతోంది? తెలీదంటే, తెలుసుకోవడానికి తేదీ చెప్పించి తీర్మానంలో రాయించండి. రాసిన తీర్మానం నకలు చేతికి ఇచ్చేదాకా సభ ముగియనివ్వకండి.